పాతికేళ్ళ తరువాత రెండు రోజులు

 

మా కూర్మన్నపాలెం కూడలిలో నివసించేవారికి వేళ తెలుసుకోవడానికి గడియారంతో పనిలేదు. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు మారే ఈ మూడు వేళల్లో బస్సులు, మోటారు సైకిళ్ళు ఒకదాని వెంట ఒకటి రోడ్డును నింపివేస్తాయి. కొంతసేపటికి మళ్ళీ అంతా సద్దుమణుగుతుంది. గత పాతికేళ్ళుగా మా సంసారం నడిచింది కూడా ఈ మూడు వేళల మీదనే.

‘ఏ’ షిఫ్టు వారమైతే ఫజ్ర్ నమాజు కాగానే మాలో ఒకరు బయలుదేరవలసిందే. ‘బీ’ షిఫ్టు వారమైతే పిల్లలు బడి నుంచి వచ్చేసరికి తండ్రి ఇంట ఉండడు, అతను వచ్చేసరికి పిల్లలు మేలుకొని ఉండరు. ‘సీ’ షిఫ్టు వారం మరీ ప్రత్యేకం. పగలంతా ఒకరు నిద్రపోతుంటే, ఆ నిద్ర చెడకుండా కాపలా కాయడమే రెండోవారి పని. కుక్కరు కూతకు మెలకువ వస్తుందని ఆ వారమంతా అన్నం గిన్నెలోనే వార్చేవాళ్ళం. పిల్లలు గుసగుసగా మాట్లాడుకోవడం నేర్చుకున్నది ఆ వారాల్లోనే.

ఇదంతా ఫిర్యాదుగా చెప్పడం లేదు. అల్‌హందులిల్లాహ్, ఆ జీతంతోనే ఇల్లు గడిచింది, పిల్లల చదువులు సాగాయి. అయితే మొన్న జూన్‌లో చిన్నవాడు కూడా హాస్టలుకు వెళ్ళాక ఒక సాయంత్రం మేమిద్దరం వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. కరెంటు బిల్లు గురించి మాట్లాడుకున్నాం. గ్యాసు బండ ఎప్పుడొస్తుందో మాట్లాడుకున్నాం. ఆ తరువాత ఇద్దరికీ మాట తోచలేదు. కోపం లేదు, అలక లేదు. ఒకరికొకరు చెప్పుకోవలసినది పిల్లల గురించీ, ఇంటి గురించీ తప్ప మరేమీ మిగల్లేదని ఆ కాసేపట్లో ఇద్దరికీ అర్థమయింది. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

ఈ నెల శీర్షికలో ఆ సాయంత్రం నుంచి మేము వేసుకున్న ఒక ప్రణాళికను మీ ముందుంచుతున్నాం. అది రెండు రోజుల చిన్న ప్రయాణం. మీలో ఎవరికైనా పనికి వస్తుందన్న ఆశతోనే ఈ వివరాలు.

తేదీ గురించి

మా నిఖా 2000 జనవరిలో జరిగింది. అది షవ్వాల్ మాసం. రాబోయే జనవరికి ఇంగ్లీషు లెక్కన పాతికేళ్ళు నిండుతాయి. హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి, ఆ లెక్కన పాతికేళ్ళు నిండి అప్పుడే తొమ్మిది నెలలు కావస్తున్నది. ఇప్పుడు జనవరిలో రజబ్ వస్తున్నది, షవ్వాల్ మాసమేమో ఏప్రిల్ ఎండల్లోకి వెళ్ళింది. ఏ తేదీని పట్టుకోవాలన్న ప్రశ్న మాకు కలిగినప్పుడు ఈ లెక్కే సమాధానం చెప్పింది. పట్టుకోవలసింది తేదీని కాదు.

పెళ్ళిరోజును పండుగలా జరపడం మా ఇంట ఆనవాయితీ కాదు. కేకు, కొవ్వొత్తులు, పదిమందిని పిలవడం మా ఆలోచనలో లేవు. దంపతులు తమకు దక్కిన కాలానికి కృతజ్ఞత చెప్పుకొని, రెండు రోజులు ఒకరికొకరు కేటాయించుకోవడానికి మాత్రం ఏ తేదీ అయినా మంచిదే. కాబట్టి మేము తేదీకి బదులు రుతువును ఎంచుకున్నాం. మన విశాఖ తీరంలో చలి పేరుకు మాత్రమే ఉంటుంది. నిజమైన చలి కావాలంటే కొండ ఎక్కాలి. సంక్రాంతి సెలవుల్లోనూ, శని ఆదివారాల్లోనూ కొండల మీద ఇసుక వేస్తే రాలని జనం. అందుచేత పండుగ దాటాక జనవరి నాలుగో వారంలో మంగళ, బుధవారాలు నిర్ణయించుకున్నాం. ‘సీ’ షిఫ్టు వారం ముగిశాక వచ్చే వారాంతపు సెలవుకు ఒక్క రోజు సెలవు జోడిస్తే సరిపోతుంది. ప్రయాణంలో మొదటి పని ఈ సెలవు దరఖాస్తే అని షిఫ్టు ఉద్యోగుల కుటుంబాలకు వేరే చెప్పనవసరం లేదు.

లంబసింగియా, అరకా?

మొదట మా మనసు లంబసింగి వైపు మొగ్గింది. చింతపల్లి మండలంలోని ఆ ఊరిని ఆంధ్రా కశ్మీరు అంటారు. శీతాకాలంలో అక్కడి పొగమంచు చూడవలసినదే. కూర్మన్నపాలెం నుంచి అనకాపల్లి దాటి, తాళ్ళపాలెం దగ్గర జాతీయ రహదారి వదిలి, నర్సీపట్నం మీదుగా వెళ్ళాలి. అయితే ఆ మంచు తెల్లవారుజామునే దట్టంగా ఉంటుంది. దాన్ని చూడాలంటే చీకటిలోనే ఘాట్ రోడ్డు ఎక్కాలి, లేదా ముందురోజే వెళ్ళి బస చేయాలి. మాకు కారు లేదు, ఉన్నది పాత మోటారు సైకిలు. యాభై దాటిన కళ్ళతో, వెనుక భార్యను కూర్చోబెట్టుకొని, మంచులో ఘాట్ రోడ్డు మలుపులు తిరగడం ధైర్యం అనిపించుకోదు.

అప్పుడు అరకు రైలు గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చాక ఇంతకాలం ఎందుకు గుర్తు రాలేదా అని ఆశ్చర్యపోయాం. కొత్తవలస నుంచి కిరండోల్ వరకు వెళ్ళే ఆ లైను 1960 దశకంలో వేసినది. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపానుకు ఎగుమతి చేయడం దాని ఉద్దేశం. తరువాతి కాలంలో మన ఉక్కు కర్మాగారం వచ్చింది. దానికి 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు, 1992 ఆగస్టు 1న శ్రీ పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మన బ్లాస్ట్ ఫర్నేసులకు ఆహారం ఆ బైలడిల్లా ఖనిజమే.

మాలో ఒకరు పాతికేళ్ళుగా ఆ ఖనిజం వ్యాగన్లు వచ్చే విభాగంలోనే పనిచేస్తున్నారు. ఎర్రటి ఆ దుమ్ము చొక్కాలోంచి ఎంత ఉతికినా పోదని మాలో రెండోవారికి తెలుసు. ఆ దుమ్ము ఏ కొండల మీదుగా మన ఇంటికి వచ్చిందో ఇద్దరిలో ఎవరమూ చూడలేదు. ఈ మాట పైకి అనుకోగానే ప్రయాణం ఎటో తేలిపోయింది.

ప్రయాణ వివరాలు

రైలు విశాఖపట్నం స్టేషను నుంచి ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. మా ఇంటి నుంచి స్టేషను ఇరవై కిలోమీటర్ల దూరం. జనవరిలో ఫజ్ర్ వేళ అయిదుంపావు ప్రాంతంలో మొదలవుతుంది. ఇంట్లోనే నమాజు చేసుకొని వెంటనే ఆటోలో బయలుదేరితే సమయానికి చేరవచ్చు. ఆటో అతనితో ముందురోజే మాట్లాడుకోవాలి.

2017 ఏప్రిల్ నుంచి ఈ రైలుకు అద్దాల పెట్టె జతచేశారు. దానిలో సీట్లు శీతాకాలంలో చాలా ముందుగానే అయిపోతాయి, ధర కూడా ఎక్కువే. మేము మామూలు సీట్లే తీసుకుంటున్నాం. కిటికీ తెరచుకొని కూర్చునే సుఖం అద్దాల పెట్టెలో ఉండదు. శృంగవరపుకోట దాటి శివలింగపురం, త్యాడ వచ్చేసరికి కొండ మొదలవుతుంది. అక్కడి నుంచి సొరంగాలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. లైను మొత్తం మీద అవి యాభైకి పైగా ఉన్నాయి. బొర్రా గుహలు, కరకవలస దాటాక వచ్చే శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి కొంత దిగితే అరకు. మొత్తం సుమారు నాలుగు గంటల ప్రయాణం.

తిరుగు ప్రయాణం మర్నాడు మధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో. అనంతగిరి కాఫీ తోటల మీదుగా ఆ దారి దిగుతుంది. ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పేవారు బస్సులో ముందు సీట్లలో కూర్చోవాలి, ఎక్కే ముందు కడుపు నిండా తినకూడదు. అల్లం ముక్క ఒకటి కొంగున ముడి వేసుకుంటే మంచిది.

నమాజు, భోజనం

మేము పాటించే హనఫీ విధానంలో ప్రయాణ దూరం సుమారు 77 కిలోమీటర్లు. అరకు అంతకంటే దూరమే కాబట్టి ఖస్ర్ వర్తిస్తుంది. జుహర్, అస్ర్, ఇషాలలోని నాలుగు ఫర్జ్ రకాతులు రెండవుతాయి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు ఉండదు. కొండ మీద తెల్లవారి నీళ్ళు ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోతాయి. వుజూ చేసి తొడుక్కున్న తోలు మేజోళ్ళ మీద మసహ్ చేసుకునే వెసులుబాటు ప్రయాణికునికి మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు ఉంది. ఇటువంటి సౌలభ్యాలు ఉన్నవి వాడుకోవడానికే. వాటిని వదలి చలికి జబ్బు పడి రావడం భక్తి కాదు.

అరకులో అడుగు పెట్టగానే బొంగులో చికెన్ వాసన పలకరిస్తుందని అందరూ చెబుతారు. వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాల్చే ఆ వంట మన్యం ప్రజల నేర్పు. అయితే కోడిని ఎవరు, ఎలా జబహ్ చేశారన్నది తెలియనప్పుడు మనం దూరంగా ఉండక తప్పదు. వండేవారితో వాదన పెట్టుకోవడం, మొహం చిట్లించడం మర్యాద కాదు. ఆ బొంగులోనే కోడిగుడ్లు గానీ కూరగాయలు గానీ వేరుగా కాల్చి ఇవ్వగలరేమోనని నెమ్మదిగా అడిగితే సరి. మొదటి రోజుకు మేము ఇంటి నుంచి చపాతీలు, పొడిగా వేయించిన ఖీమా, పులిహోర తీసుకువెళుతున్నాం. రెండో రోజుకు అన్నం, పప్పు, అక్కడి రాజ్మా ఉండనే ఉన్నాయి. కాఫీ సంగతి చెప్పనక్కరలేదు.

నారింజ రంగు పళ్ళెం

ఇక అసలు విషయం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి క్రిందటి సంవత్సరం ఒక బంధువు ద్వారా ఒక ప్లాస్టిక్ పళ్ళెం పంపింది. అది డిస్క్ గోల్ఫ్ అనే ఆటకు వాడే పళ్ళెమట. “మన వయసుకు ఇదేమిటి?” అన్నది మాలో ఒకరి మాట. మూడు నెలలపాటు అది మా పెరుగు గిన్నె మీద మూతగా పనిచేసింది. సరిగ్గా సరిపోయింది కూడా.

వరండాలో మాట తోచని ఆ సాయంత్రం తరువాత, అమ్మాయి ఫోను చేసినప్పుడు దాని గురించి అడిగాం. అది చెప్పిన కథ ఇది. అమెరికాలో 1957లో వామ్-ఓ అనే కంపెనీ ఎగిరే పళ్ళేలను అమ్మడం మొదలుపెట్టింది. అవే తరువాత ఫ్రిస్బీలయ్యాయి. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ వాటికి మెరుగులు దిద్దాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు మొదటి శాశ్వత మైదానం ఏర్పడింది. స్తంభానికి గొలుసులు వేలాడదీసి, కింద బుట్ట అమర్చే పద్ధతి కూడా అతనిదే. పళ్ళెం గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. ఎన్ని తక్కువ విసుర్లలో బుట్ట చేరితే అంత గెలుపు. పళ్ళెం ఎక్కడ పడితే అక్కడి నుంచే తరువాతి విసురు. మైదానంలో తొమ్మిది గానీ పద్దెనిమిది గానీ బుట్టలుంటాయి. అక్కడ చాలా పార్కుల్లో రుసుము లేకుండానే ఆడుకోవచ్చట. మంచు కురిసే ఫిన్లాండులో ఇది ఇంటింటి ఆట.

“అమ్మీ, దీనిలో పరుగెత్తనక్కరలేదు. విసరడం, నడవడం, అంతే. మీ మోకాలికి ఏమీ కాదు” అని ధైర్యం చెప్పింది. “అబ్బా, ఇద్దరూ పోటీ పడవద్దు. జంటగా ఆడే పద్ధతి ఒకటుంది. ఇద్దరూ చెరొకసారి విసరాలి. రెండింటిలో ఏది మంచి చోట పడిందో చూడాలి. అక్కడి నుంచే ఇద్దరూ మళ్ళీ విసరాలి. రెండోదాన్ని తీసుకొచ్చేయడమే, దాని లెక్క ఉండదు” అన్నది.

ఈ నియమం విన్నాక మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు. పాతికేళ్ళలో మా లెక్కలన్నీ దీనికి తలక్రిందులుగా సాగాయి. ఎవరి విసురు తప్పిందో అదే గుర్తు పెట్టుకున్నాం. 2007లో అమ్మకుండా ఉండవలసిన ఒక స్థలం గురించి, మామగారి వైద్యానికి ఆలస్యం చేసిన ఒక వారం గురించి ఇప్పటికీ మాటల్లో ముల్లులా తగిలేది. మెరుగైన చోటు నుంచి ఇద్దరం కలసి బయలుదేరవచ్చునన్నది మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఆలోచించలేదు.

సిగ్గు సంగతి

పెద్ద వయసులో, పర్దా పాటించే స్త్రీ ఆరుబయట ఆడటమా అని మాలో ఒకరికి సంకోచం. ఆ సంకోచం తీర్చింది మనందరికీ తెలిసిన ఒక హదీసే. అబూ దావూద్ సంకలనంలో ఉన్న ఈ సంఘటనను హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా ఉల్లేఖించారు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) ఆమెతో పరుగు పందెం పెట్టుకున్నారు, ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె కాస్త ఒళ్ళు చేశాక మళ్ళీ పరుగెత్తారు, ఆయన గెలిచారు. ఆ గెలుపుకు ఈ గెలుపు చెల్లు అని చమత్కరించారు. మరో ఉల్లేఖనంలో, పందేనికి ముందు సహచరులను ముందుకు సాగిపొమ్మన్నారని కూడా ఉంది. ఉల్లాసమూ ఉంది, మరుగూ ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావని ఇంతకంటే ఎవరు చెప్పగలరు? ఆయన భుజాల మీద ఉన్న బాధ్యతలతో పోలిస్తే మన షిఫ్టులు ఎంత?

అందుచేత మేము కూడా జనం లేని వేళ, జనం లేని చోటు చూసుకుంటున్నాం. ఉదయం ఎనిమిది గంటలకు మంచు కాస్త విడుతుంది, పర్యాటకులు ఇంకా దుప్పట్లలోనే ఉంటారు. బస చేసే చోటి ఆవరణలో గానీ, యజమానిని అడిగి కోత అయిన మడిలో గానీ ఆడాలని నిశ్చయం. పచ్చని పంట ఉన్న చోట అడుగు పెట్టేది లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె పూల పసుపు చూసి మైమరచి, ఫోటోల కోసం చేలు తొక్కేవారు కొందరుంటారు. ఆ పూలు గిరిజన రైతుకు నూనె గింజలు. మన సంతోషం ఇంకొకరి పంట మీద నిలబడరాదు.

గొలుసుల బుట్ట అక్కడ దొరకదు. అరకు సంతలో ఒక వెదురు బుట్ట కొని, రాయి మీద నిలబెట్టడమే మా ఏర్పాటు. తరువాత అది ఉల్లిపాయలకు ఇంటికి వస్తుంది. పళ్ళెం మంచుకు తడిసి జారుతుంది కాబట్టి ఒక పొడి తువ్వాలు వెంట ఉంచుకోవాలి. గడ్డిలో కనబడాలంటే రంగు ముదురుగా ఉండాలి. మా నారింజ పళ్ళానికి ఆ గుణం ఉంది.

సాధన

గత నెల రోజులుగా అస్ర్ తరువాత, షిఫ్టు అనుకూలించిన రోజుల్లో, మా కాలనీ చివర ఖాళీ స్థలంలో సాధన చేస్తున్నాం. మొదటి రోజు పళ్ళెం నేరుగా పొరుగింటి మేకల మధ్య పడింది. రెండో రోజు తుమ్మ చెట్టెక్కింది. నేర్చుకున్నది ఇది. బలంతో పని కాదు, మణికట్టు తిప్పడంలోనే ఉంది కిటుకు. పళ్ళెం వేగంగా తిరిగితేనే గాలిలో నిలకడగా పోతుంది. అంచు పైకి లేచేలా విసిరితే ఆకాశానికెక్కి అక్కడే కూలబడుతుంది. కుడిచేతితో ఎడమ నుంచి విసిరినప్పుడు, చివర తిరుగుడు తగ్గాక ఎడమకు వంగుతుంది. కాబట్టి బుట్టకు కొంచెం కుడిగా గురి పెట్టాలి. వ్యాగన్లు తిప్పిన చేతికి ఇది త్వరగా పట్టుబడలేదు. పాతికేళ్ళు రొట్టెలు తిప్పిన మణికట్టుకు మూడో రోజే వచ్చేసింది. ఇప్పుడు మేము ఎంచుకునే చోటు పదిలో ఏడుసార్లు ఆ చేతి చలవే. దానికి మాలో రెండోవారు ఎంతో సంతోషంగా ఓటమి ఒప్పుకుంటున్నారు.

కాలనీ పిల్లలు చూసి నవ్వారు. రెండో వారానికి వారే పళ్ళెం ఏరి తెచ్చి ఇవ్వసాగారు. పక్కింటి భాభీ మాత్రం గోడ మీంచి చూసి, “మీ ఇద్దరూ ఇంత గట్టిగా నవ్వుకోవడం ఈ పదేళ్ళలో వినలేదమ్మా” అన్నది. ఆ మాట దగ్గర మేము ఆగిపోయాం.

ఖర్చు

అప్పు చేసి విహారయాత్రకు వెళ్ళడం మేము ఎవరికీ చెప్పం, మేమూ చేయం. సెప్టెంబరు నుంచి నెలకు 1,500 రూపాయల చొప్పున నాలుగు నెలలు ఒక డబ్బాలో వేశాం. ఆ 6,000 లోపే రైలు, బస్సు, ఒక రాత్రి బస, భోజనం ముగించాలి. దానిలోంచి ముందుగా కొంత సదఖాగా తీసి పక్కన పెట్టాం. అంత కూడా వీలుకాని కుటుంబాలు ఎన్నో మన చుట్టూ ఉన్నాయని మాకు తెలుసు. వారికి మా మనవి ఒక్కటే. కొండ లేకపోయినా ఫరవాలేదు, రైలు లేకపోయినా ఫరవాలేదు. సాయంత్రం అరగంట, ఒక ఖాళీ స్థలం, ఒక పాత పళ్ళెం చాలు. బుట్ట అందరి ఇళ్ళలోనూ ఉంటుంది.

ఈ సంచిక మీ చేతికి అందేనాటికి మా సంచీ సర్ది ఉంటుంది. శాలువాలు, తోలు మేజోళ్ళు, జానమాజు, మోకాలి నూనె, తువ్వాలు, అన్నిటి మీదా ఆ నారింజ పళ్ళెం. పెరుగు గిన్నెకు మళ్ళీ పాత స్టీలు మూతే పెట్టుకున్నాం.

శిమిలిగుడ దాటేటప్పుడు ఎదురుగా ఖనిజం నింపుకొని దిగివచ్చే వ్యాగన్లు కనిపిస్తాయని అంటారు. వాటిని కిటికీ నుంచి ఇద్దరం చూడాలని మా కోరిక. అవి ఎక్కడికి పోతాయో, పోయాక వాటితో ఏమి చేస్తారో, ఆ దుమ్ము ఎందుకు వదలదో మాలో ఒకరు మొదటిసారి తీరికగా చెబుతారు, రెండోవారు మొదటిసారి తీరికగా వింటారు. ఇన్షా అల్లాహ్.

మా కోసం దుఆ చేయండి. మీ ఇంటి సాయంత్రాల కోసం మేమూ చేస్తాం.